కాయకము దాటని కల్యాణము



వివాహమునకు ఎంత ఖర్చు చేయవలెను? ఈ ప్రశ్న నేడు ప్రతి ఇంటను వినవచ్చుచున్నది. అయితే దీనికి ముందుగా వేసికొనవలసిన ప్రశ్నలు రెండు కలవు. ఆ ధనము ఎచ్చటి నుండి వచ్చినది? అది ఎవరికి చేరుచున్నది? మొదటి ప్రశ్న కాయకమునకు సంబంధించినది; రెండవది దాసోహమునకు సంబంధించినది. బసవేశ్వరుడు గృహస్థునకు చూపిన మార్గమంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది. తన చేతులతో న్యాయముగా ఆర్జించుట కాయకము. ఆర్జించిన దానిని అహంకారము లేక పదిమందితో పంచుకొనుట దాసోహము. ఈ రెండింటి నడుమ జరిగిన వివాహము స్వల్ప వ్యయముతో జరిగినను చిరకాలము జ్ఞాపకముండును. వీటిని దాటి జరిగిన వివాహము ఎంత వైభవముగా జరిగినను అప్పుగా మాత్రమే మిగులును. ఈ పాఠమున ఈ విషయమును ఉదాహరణములతో పరిశీలింతము.

1. సెట్టును చూచి మండపము కట్టుట

ఉదాహరణమునకై హైదరాబాదులోని జూబిలీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములను తీసికొందము. ఒకప్పుడు మద్రాసు నగరమున వర్ధిల్లిన తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా ఇచ్చటికి తరలి వచ్చినది. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో పొరుగుననే ఉన్న బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. తరువాత ఫిలింనగర్ గుట్టలపై పద్మాలయ స్టూడియో, రామానాయుడు స్టూడియో వెలసినవి. ఫిలిం ఛాంబరు కార్యాలయమును ఇచ్చటనే ఉన్నది. గుట్టలపై తారల భవనములు. గుట్టల వాలున ఉన్న బస్తీలలోను, సమీపమునగల కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందులలోను వడ్రంగులు, రంగులు వేయువారు, దర్జీలు, లైట్లు మోయువారు, ప్రొడక్షన్ వంటవారు, జూనియర్ ఆర్టిస్టులు కాపురముందురు. తెరపై కనబడు వైభవమంతయు వీరి చేతిపనియే.

సినిమా సెట్టు ఎట్టిదో వీరికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అందలి రాతిస్తంభము థర్మకోలు, గోడ ప్లైవుడ్డు, శిల్పము ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కెమెరా చూచు వైపు మాత్రమే దానికి అందము. వెనుకకు పోయి చూచినచో చెక్కలు, మేకులు, తాళ్లు కనబడును. చిత్రీకరణము ముగిసిన మరునాడు దానిని విప్పివేయుదురు. ఇందులో తప్పేమియు లేదు. సెట్టు కట్టుట ఒక కాయకము. కథ చెప్పుటకు అది అవసరము.

చిక్కు ఎచ్చట వచ్చుచున్నదనగా, ఆ సెట్టే నేడు వివాహ మండపమునకు నమూనా యగుచున్నది. వివాహమునకు ముందు ఒక చిత్రీకరణము, ఒకనాడు పసుపు వేడుక, ఒకనాడు సంగీతము, ఒకనాడు రిసెప్షను, ఆకాశము నుండి తీయుటకు డ్రోను కెమెరా. ఇట్లు వివాహమే ఒక చిత్రమైపోయినది. సెట్టు వెనుక మేకులు కొట్టిన వడ్రంగియే తన కుమార్తె వివాహమునకు అట్టి మండపమే కావలెనని వడ్డీకి అప్పు తెచ్చుట చూచినచో మనసు కలత చెందును. ఆ స్తంభము థర్మకోలని అతనికి తెలియును. తెలిసియు నలుగురి దృష్టికి వెరచి తలయొగ్గుచున్నాడు.

తెలుగు చలనచిత్రము ఈ విషయమున మనలను హెచ్చరింపకపోలేదు. 1939లో వచ్చిన ‘వరవిక్రయం’, 1952లో వచ్చిన ‘పెళ్ళిచేసి చూడు’, 1969లో వచ్చిన ‘వరకట్నం’ ఈ మూడును కట్నపు దురాచారమును ఎత్తి చూపిన చిత్రములే. మనము ఆ చిత్రములు చెప్పిన నీతిని మరచితిమి. చిత్రములు చూపిన అలంకారమును మాత్రము నేర్చుకొంటిమి.

2. కల్యాణ పట్టణమున జరిగిన కల్యాణము

వివాహము దేనిచేత జ్ఞాపకముండునో తెలిసికొనుటకు మన సంప్రదాయమునందే గొప్ప నిదర్శనము కలదు. హైదరాబాదు నుండి ముంబయి పోవు రహదారిలో జహీరాబాదు, హుమ్నాబాదు దాటి ముందుకు పోయినచో బసవకల్యాణము వచ్చును. నేడది కర్ణాటకములోని బీదరు జిల్లాలో ఉన్నది. 1956 వరకు అదియు హైదరాబాదు రాష్ట్రములోని భాగమే. 12వ శతాబ్దమున కలచూరి బిజ్జలుని పాలనలో బసవేశ్వరుడు భండారిగా నుండి శరణులను కూడగట్టినది ఆ పట్టణముననే.

అచ్చటి శరణులలో హరళయ్య చెప్పులు కుట్టువాడు. మధువరసు బ్రాహ్మణ కులమున జన్మించి రాజోద్యోగమున నుండినవాడు. లింగధారణ చేసిన తరువాత కులభేదము లేదను బోధను నమ్మి, మధువరసు కుమార్తెను హరళయ్య కుమారునకిచ్చి వివాహము చేసిరని శరణ సంప్రదాయము చెప్పుచున్నది. సనాతనులు దానిని సహింపలేదు. బిజ్జలుడు తండ్రులిరువురకును క్రూరమైన శిక్ష విధించెను. పట్టణము అట్టుడికినది, బసవేశ్వరుడు కూడలసంగమమునకు వెడలిపోయెను, శరణులు నలుదిక్కులకు చెదరిపోయిరి.

ఎనిమిది వందల సంవత్సరములకు పైగా గడచినను ఆ వివాహమును లోకము మరువలేదు. ఆనాటి పందిరి ఎంత పొడవో, వధువు ధరించిన నగలెన్నో, వడ్డించిన పిండివంటలెన్నో ఎవరును చెప్పరు, ఎవరును అడుగరు. జ్ఞాపకమున్నది ఆ రెండు కుటుంబములు నిలిపిన మాట. అందరును అంతటి త్యాగము చేయవలెనని కాదు. వివాహము చిరస్మరణీయమగుట అందులో కనబడిన వస్తువుల వలన కాదు, అందులో నిలచిన ధర్మము వలననే యని మాత్రము మనము గ్రహింపవలెను.

3. లక్కమ్మ కొలత

ఇక కాయకము మాట. కల్యాణ పట్టణముననే మారయ్య అను శరణుడుండెను. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. అందుచేతనే అతనికి ఆయ్దక్కి మారయ్య యని పేరు వచ్చినది. కన్నడమున ‘అక్కి’ యనగా బియ్యము. ఒకనాడు అతడు ప్రతిదినము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అతని భార్య లక్కమ్మ అది చూచి సంతోషింపలేదు. ఆ హెచ్చు బియ్యము మన కాయకమునకు మించినది, మన అవసరమునకు మించినది, తిరిగి ఎచ్చట దొరకినదో అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను. మారయ్య అట్లే చేసెను. ఆ మితమైన బియ్యముతోనే ఆ దంపతులు జంగములకు దాసోహము జరిపి తృప్తిపరచిరని ప్రసిద్ధి.

ఈ కథయందు రెండు విశేషములు కలవు. మొదటిది: దాసోహము గొప్పగా చేయవలెనను ఉద్దేశముతో కూడ కాయకపు హద్దు దాటరాదు. మంచి పనికే కదా అప్పు చేయుచున్నాము అను సమాధానము లక్కమ్మ ముందు నిలువదు. రెండవది: కొలత నిర్ణయించినది ఇల్లాలు. నేడు వివాహ వ్యయమును గూర్చి పెద్దలు కూర్చుండి మాట్లాడుకొనునప్పుడు, ఎవరి వివాహమో ఆ కన్యను గదిలోనే ఉంచుట మనలో పరిపాటియైనది. వధూవరులిరువురును ఆ సమావేశమున కూర్చుండవలెను. తమ తల్లిదండ్రుల వద్ద ఎంత ఉన్నదో, ఎంత లేదో వారికి తెలియవలెను. తెలిసిన పిల్లలు సామాన్యముగా లక్కమ్మ వలెనే మాట్లాడుదురు.

4. అప్పు యొక్క లెక్క

కాయకపు హద్దు దాటినచో ఏమగునో అంకెలలో చూతము. ఒక కుటుంబము వివాహమునకై 5,00,000 రూపాయలు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినదనుకొందము. నెలకు వడ్డీ 10,000 రూపాయలు, సంవత్సరమునకు 1,20,000, ఐదు సంవత్సరములకు 6,00,000. ఇంత చెల్లించిన తరువాత కూడ అసలు 5,00,000 అట్లే ఉండును. ఇంటి యజమానికి దినమునకు 1,000 రూపాయల కూలి వచ్చుననుకొన్నచో, ప్రతినెల మొదటి పది దినముల కాయకము వడ్డీకే సరిపోవును. ఒక్కనాటి వెలుగునకై అయిదేండ్లలో మూడవవంతు శ్రమ పరుల పాలగును.

అదియును పని నిత్యము దొరకినప్పటి మాట. 2020 మార్చిలో కరోనా వలన చిత్రీకరణములు నిలిచిపోయినప్పుడు దినకూలిపై బ్రతుకు సినీ కార్మికులు నిత్యావసర సరకుల కొరకు సహాయమునకు ఎదురుచూడవలసి వచ్చినది. 2025 ఆగస్టులో వేతనములు పెంచవలెనని సినీ కార్మికులు సమ్మె చేసినప్పుడు మరల చిత్రీకరణములు ఆగినవి. పని ఆగును గాని వడ్డీ ఆగదు. ఈ కష్టము సినీ కార్మికులకే కాదు. దినసరి ఆదాయముపై ఆధారపడు ప్రతి చిన్న వ్యాపారికి, ప్రతి చేతిపనివానికి కలదు.

తెలంగాణములో కల్యాణలక్ష్మి పథకము 2014 అక్టోబరు 2న ఆరంభమైనది. 2018 నుండి అర్హులైన కుటుంబములకు దాని క్రింద ఇచ్చు మొత్తము 1,00,116 రూపాయలు. అర్హత ఉన్నవారు దరఖాస్తు చేసికొనవలసినదే. అయితే ఆ ధనము పరిశీలన పూర్తియైన తరువాతనే చేతికందును. కావున దానిని నమ్ముకొని ముందుగా అప్పు చేయరాదు. వచ్చిన నాడు వధువు పేర దాచినచో అది నిజమైన కల్యాణలక్ష్మి యగును.

5. ప్రతి ఖర్చును పరీక్షించు విధము

వివాహపు ఖర్చుల పట్టిక వ్రాసికొని, ప్రతి ఖర్చు ఎదుట ‘ఇది ఎవరికి చేరుచున్నది’ అని ప్రశ్నింపవలెను. సమాధానములు మూడు విధములుగా ఉండును: వధూవరులకు, అతిథికి, చూపరికి. వధూవరుల జీవితమునకు ఉపయోగపడునవి ఉంచవలెను. అతిథి ఆకలిని, అలసటను తీర్చునవి ఉంచవలెను. చూపరి కన్నులకు మాత్రమే చేరునవి ముందుగా తగ్గింపవలెను. కొన్ని ముఖ్యమైన ఖర్చులను ఇట్లు పరీక్షింతము.

దినము: అందరును ఒకే ముహూర్తమున వివాహములు పెట్టుకొనుటచే ఆ దినములలో ఫంక్షన్ హాళ్లకు, వంటవారికి, సన్నాయి మేళమునకు, పూలకు గిరాకి పెరుగును. తిథి వార నక్షత్రముల భయమును శరణులు త్రోసిపుచ్చిరి. శివుని నమ్మినవానికి ప్రతిదినమును శుభదినమే యని బోధించిరి. ఈ బోధను ఆచరించు ధైర్యమున్న కుటుంబము, గిరాకి లేని దినమును ఎన్నుకొని, అదే వసతిని తక్కువ ధరకు పొందవచ్చును. ఇచ్చట సిద్ధాంతమును పొదుపును ఒకే దారిన నడచుచున్నవి.

స్థలము: 2020 ఆగస్టు 8న నటుడు రానా దగ్గుబాటి వివాహము ఫిలింనగర్‌లోని రామానాయుడు స్టూడియోలోనే జరిగినది. కరోనా నిబంధనల కాలమగుటచే సన్నిహితులు మాత్రమే హాజరైరి. 2024 డిసెంబరు 4న నటుడు నాగచైతన్య వివాహము అన్నపూర్ణ స్టూడియోలో జరిగినది. ఆ రెండు స్టూడియోలును వారి తాతగార్లు నెలకొల్పినవి. ఆ వివాహముల వ్యయముతో మనకు పని లేదు. మనము గమనింపదగినది ఒక్కటే: ఏ మండపమునైనను అద్దెకు తీసికొనగల కుటుంబములు తమ పని జరుగు చోటునే కల్యాణస్థలముగా చేసికొన్నవి. కాయకము జరుగు చోటు పవిత్రమైనదని మన సిద్ధాంతము. దర్జీకి తన దుకాణము ముందరి వాకిలి, వడ్రంగికి తన పని ఆవరణము, లేదా గుడి ప్రాంగణము, మఠము, బస్తీ కమ్యూనిటీ హాలు ఏదైనను చాలును. వీధిలో షామియానా వేయునప్పుడు మాత్రము అనుమతి తీసికొని, ఇరుగుపొరుగు వారి రాకపోకలకు అడ్డము లేకుండ చూచుకొనవలెను.

అలంకారము: థర్మకోలు స్తంభములు చూపరి కొరకు. మామిడాకుల తోరణములు, అరటి బోదెలు, బంతిపూల దండలు చాలును. గుడిమల్కాపూర్ పూల మార్కెటునకు తెల్లవారుజామున ఇద్దరు ముగ్గురు పోయి పూలు తెచ్చి, బంధువుల పిల్లలందరును కూర్చుండి మాలలు కట్టినచో ఆ పనియే ఒక వేడుక యగును.

వస్త్రములు, ఆభరణములు: ఒక్కసారి ధరించి పెట్టెలో పెట్టు బరువైన దుస్తులు చూపరి కొరకు, మరల పండుగకు కట్టదగిన పట్టుచీర వధువు కొరకు. తాళి, మెట్టెలు తప్ప మిగిలిన బంగారము శక్తిని బట్టి తరువాత చేయించుకొనవచ్చును. ప్రక్కింటి నుండి ఎరువు తెచ్చిన నగలు వేసికొని తీయించుకొన్న ఛాయాచిత్రము సెట్టు వంటిదే.

శుభలేఖలు, ఛాయాచిత్రములు: దూరపు వారికి ఫోనులో వార్త పంపిన చాలును, దగ్గరి పెద్దలను ఇంటికి పోయి పిలువవలెను. ముద్రించిన పత్రిక ఖరీదైనదైనంత మాత్రమున పిలుపునకు గౌరవము పెరుగదు. ఛాయాచిత్రములకు ఒక్క మనిషి, ఒక్క ఆల్బము చాలును. పెద్దలందరు కూర్చున్న ఒక్క చిత్రము ముప్పది సంవత్సరముల తరువాత ఎంతో విలువైనది.

ఇప్పుడొక నమూనా లెక్క చూతము. ఇరుపక్షముల వారును చెరి 1,50,000 రూపాయలు, అప్పు లేకుండ, తమ పొదుపు నుండి తెచ్చిరనుకొందము, మొత్తము 3,00,000. భోజనము 300 మందికి మనిషికి 250 వంతున 75,000. తాళి, మెట్టెలు 60,000. వస్త్రములు 45,000. షామియానా, కుర్చీలు, దీపములు, వంటపాత్రలు 30,000. పూలు, సన్నాయి మేళము 20,000. పిలుపులు, ప్రయాణములు 15,000. ఛాయాచిత్రములు 15,000. కలశములు, పూజాద్రవ్యములు, దక్షిణ 10,000. ఇవన్నియు కలిపి 2,70,000. మిగిలిన 30,000 అనుకోని అవసరములకు. అదియు మిగిలినచో నూతన దంపతుల ఇంటి అద్దెకు, వంటసామగ్రికి పోవలెను. ధరలు ఊరిని బట్టి, కాలమును బట్టి మారును. ఈ అంకెలు క్రమము నేర్చుకొనుటకే. ఇందు రెండు నియమములు కలవు. వ్యయములో పెద్ద భాగము అతిథి విస్తరికి, వధూవరుల జీవితమునకు చేరవలెను. ఇరుపక్షములును సమముగా భరింపవలెను. వధువు తండ్రియే సర్వమును మోయవలెనను ఆచారమునకు శరణ ధర్మమున ఆధారము లేదు.

6. విధి, చట్టము

వీరశైవ వివాహవిధి స్వభావముచేతనే ఆడంబరము లేనిది. మఠపతి గాని జంగమమూర్తి గాని వచ్చి పంచకలశములను స్థాపించి, వధూవరులకు విభూతి ధరింపజేసి, ఇష్టలింగ పూజ చేయించి, మంగళసూత్రధారణము జరిపించి, పెద్దలచే అక్షతలు వేయించి ఆశీర్వదించును. ప్రాంతమును బట్టి వివరములందు భేదములున్నను ముఖ్యాంశములివియే. కలశములు, బియ్యము, తమలపాకులు, టెంకాయలు, విభూతి, పూలు వీటిలో ఏదియు పేదవానికి అందనిది కాదు.

ఈ విధికి చట్టమున పూర్తి గుర్తింపు కలదు. 1955 నాటి హిందూ వివాహ చట్టము తాను ఎవరికి వర్తించునో చెప్పు సందర్భమున వీరశైవులను, లింగాయతులను పేర్కొన్నది. వధూవరులలో ఎవరి ఆచారము ప్రకారమైనను వివాహము జరుపవచ్చునని చెప్పినది. సప్తపది ఆచారముగా ఉన్నవారికే అది అవసరమని కూడ అందు స్పష్టముగా నున్నది. వరునకు 21, వధువునకు 18 సంవత్సరములు నిండి యుండవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో వచ్చిన చట్టము వివాహముల నమోదును తప్పనిసరి చేసినది. నమోదునకు అగు ఖర్చు స్వల్పము, దాని వలన స్త్రీకి కలుగు రక్షణ అధికము. కావున దీనిని ఖర్చుల పట్టికలో మొదట వ్రాసికొనవలెను.

2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఒక కేసులో, ఆచారవిధి జరుగక కేవలము ధ్రువపత్రము ఉన్నంత మాత్రమున హిందూ వివాహము కాదని చెప్పినది. వివాహము ఆటపాటలకు, విందులకు, కట్నకానుకల బేరమునకు సాధనము కాదని, అది పవిత్రమైన బంధమని ఆ తీర్పునందే యువతీయువకులకు హితవు పలికినది. శరణులు ఏనాడో ఆచరించి చూపిన దానిని న్యాయస్థానము నేడు మరల జ్ఞాపకము చేసినది.

కట్నము మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టము ప్రకారము కట్నము తీసికొనుటయే కాదు, ఇచ్చుటయు నేరమే. ఆ నేరమునకు అయిదు సంవత్సరములకు తక్కువ కాని కారాగార శిక్ష, 15,000 రూపాయలు గాని కట్నపు విలువ గాని వీటిలో ఏది ఎక్కువైన అంతకు తక్కువ కాని జరిమానా విధించుటకు చట్టమున వీలున్నది. అడుగకుండ, ఆచారముగా, శక్తికి తగినట్లు ఇచ్చు బహుమతులకు కూడ పట్టిక వ్రాసి సంతకములు చేయవలెనని 1985 నాటి నియమములు చెప్పుచున్నవి. లాంఛనములని, మర్యాదలని పేరు మార్చినంత మాత్రమున కట్నము కట్నము కాకపోదు. కాయకము చేయగల యువకుడు పరుల కాయకఫలమును అడిగి తీసికొనుట లింగధారికి తగని పని.

7. దాసోహమే వేడుక

ఖర్చు తగ్గింపుమని చెప్పితిమి గాని, అన్నము తగ్గింపుమని చెప్పలేదు. వివాహమున జ్ఞాపకముండునది పంక్తి భోజనమే. అయితే దాసోహమునకు, విందునకు భేదమున్నది. విందునందు ఎన్ని రకములు పెట్టినారో లెక్కింతురు. దాసోహమునందు ఎవరును ఆకలితో పోలేదు కదా యని చూతురు. ఇరువది రకములు వడ్డించి సగము విస్తరిలోనే మిగిలి పారవేయబడినచో అది ప్రసాదమునకు అపచారము. అన్నము, పప్పు, రెండు కూరలు, సాంబారు, పచ్చడి, పెరుగు, బక్ష్యములు వేడివేడిగా, కొసరి కొసరి వడ్డించినచో ఏ లోటును ఉండదు. కూరగాయలు రైతుబజారు నుండి తెచ్చి, వంటమేస్త్రీని మాత్రము కుదుర్చుకొని, వడ్డన ఇరుపక్షముల యువకులు చేయుట మంచిది. వరుడు స్వయముగా ఒక బంతికి వడ్డించినచో అది అతని మొదటి దాసోహము.

మరొక ముఖ్యవిషయము. షామియానా కట్టినవారు, కుర్చీలు మోసినవారు, సన్నాయి వాయించినవారు, పాత్రలు తోమువారు, వీధి ఊడ్చువారు వీరందరును అందరు తినిపోయిన తరువాత మిగిలినది తినుట మనలో అలవాటైపోయినది. శరణుల పంక్తిలో ఈ భేదము లేదు. హరళయ్యను పంక్తిలో కూర్చుండబెట్టిన సంప్రదాయము మనది. కావున ఆ రోజు పని చేసినవారిని బంధువులతో సమానముగా, అదే బంతిలో, అదే వంటకములతో భోజనమునకు కూర్చుండబెట్టవలెను. దీనికి ఒక్క రూపాయియు అదనముగా ఖర్చు కాదు. కాని వచ్చినవారు పది సంవత్సరముల తరువాత చెప్పుకొనునది ఈ సంగతియే.

8. నలుగురి మాట

‘నలుగురు ఏమనుకొందురు’ అను భయమే ఇందులకు పెద్ద అడ్డంకి. ఈ భయము నిరాధారమని చెప్పి కొట్టివేయుటకు వీలులేదు. పేదవాడు నిరాడంబరముగా చేసినచో లేనితనము అందురు. సంపన్నుడు చేసినచో ఆదర్శము అందురు. ఈ అన్యాయము లోకమున ఉన్నది. అందుచేతనే మార్పు మొదట కలవారి ఇంటి నుండి రావలెను. సమాజమున పేరున్న కుటుంబములు, సంఘపు అధ్యక్షులు, కార్యదర్శులు తమ పిల్లల వివాహములను మితముగా జరిపినచో, లేనివాడు తల ఎత్తుకొని అట్లే చేయగలడు.

2020 మే నెలలో ప్రభుత్వము వివాహములకు 50 మందికి మించి రారాదని నియమము పెట్టినప్పుడు, ధనికుని ఇంటను పేదవాని ఇంటను అదే లెక్క వర్తించినది. ఆ దినములలో మితముగా వివాహము చేసిన పేదవానిని ఎవరును తక్కువగా చూడలేదు. ఆ జంటల దాంపత్యమునకును లోటు రాలేదు. నాడు రోగభయముచే పాటించిన మితమును నేడు ధర్మబుద్ధితో పాటింపలేమా? మన సంఘములు కోరినవారికి అయిదారు జంటల సామూహిక కల్యాణములు జరిపించుట, వంటపాత్రలు, షామియానా సంఘము పేర కొని స్వల్పమైన అద్దెకు ఇచ్చుట, వడ్డనకు యువకుల దళమును ఏర్పరచుట వంటి పనులు చేపట్టినచో ఈ బోధ మాటగా మిగిలిపోక ఆచరణమగును.

మననము చేయదగిన ప్రశ్నలు

ఒకటి: మన ఇంట గడచిన వివాహమునకు చేసిన వ్యయములో ఎంత భాగము కాయకము నుండి, ఎంత భాగము అప్పు నుండి వచ్చినది? రెండు: అందులో వధూవరులకు, అతిథికి, చూపరికి చేరినవి ఎంతెంత? మూడు: ఆ నాడు మన ఇంట పని చేసినవారు ఎప్పుడు, ఎచ్చట భోజనము చేసిరి? నాలుగు: రాబోవు వివాహమున కొలత నిర్ణయించు లక్కమ్మ మన ఇంట ఎవరు? ఆమె మాట మనము విందుమా?

ఈ ప్రశ్నలను కుటుంబమంతయు కూర్చుండి, వివాహము నిశ్చయమగుటకు ముందే చర్చించుకొనవలెను. నిశ్చయమైన తరువాత ఉత్సాహము మాట్లాడును, వివేకము మాట్లాడదు. నూతన దంపతులు ఋణము లేని ఇంట అడుగుపెట్టి, మరునాటి ఉదయము నిశ్చింతగా లింగపూజ చేసికొని తమ కాయకమునకు పోగలిగినచో, ఆ కల్యాణము సఫలమైనట్లే.